తలుపు కొట్టనివాళ్లు

ఆదివారం పొద్దున టీ గ్లాసు కడిగి బోర్లించాక సిస్టరమ్మ చేసే మొదటి పని మెట్ల కింది అరలోంచి ఎమర్జెన్సీ పెట్టె బయటికి లాగడం. ఆసుపత్రిలో నర్సుగా ఉన్నన్నాళ్లూ డ్యూటీ ఎక్కగానే ఆవిడ ముందు చూసేది ట్రాలీని. సూదులున్నాయా, దూది ఉందా, టార్చి వెలుగుతోందా అని చూసుకున్నాకే రోగుల ముఖాలు చూసేది. రిటైరయ్యాక ఆసుపత్రి వదిలింది గానీ ఆ అలవాటు వదల్లేదు. అదంతా ఇప్పుడు ఇంటి మీదికి మళ్లింది. కింద తను, పైవాటాలో అద్దెకున్న పుస్తకాల బైండరూ అతని భార్యా.

పెట్టెలో ఏం లేవని! కుళాయి వాషర్లు, పైపుకు చుట్టే తెల్ల టేపు, ఫ్యూజు తీగ, తాడు, టార్చి, కొవ్వొత్తులు, అన్ని తలుపులకూ మారు తాళాలు. ఒక మూల పాత బిస్కెట్ డబ్బా. నెలనెలా అద్దె చేతిలో పడగానే అందులో నాలుగో వంతు ఆ డబ్బాలోకి పోవలసిందే. పండ్లు తినాలనిపించినా, కళ్లజోడు విరిగినా దాని జోలికి వెళ్లదు.

"అది నాది కాదురా, ఇంటిది," అనేది తమ్ముడితో.

తమ్ముడికి వీధి చివర కిరాణాకొట్టు. డబ్బు కదలకుండా కూర్చుంటే అతనికి నిద్రపట్టదు. "ఇంటికి ఎప్పుడు జబ్బు చేస్తుందా అని ఎదురుచూసేదానివి నువ్వొక్కదానివే అక్కా. డబ్బాలో పెడితే అది పిల్లల్ని పెడుతుందా?"

"పెట్టక్కర్లేదు. పిలిచినప్పుడు పలికితే చాలు."

ఇన్నేళ్లలో దాన్ని పిలవాల్సిన అవసరమే రాలేదు. అదే సిస్టరమ్మ గర్వం. బైండరూ భార్యా ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు వాళ్లకూ ఆ మాటే చెప్పింది. "బంగారంలాంటి ఇల్లమ్మా. మీకు ముందు ట్యూషన్ మాస్టారుండేవారు. ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా నా తలుపు కొట్టి, ఇది పాడైంది చూడండి అని అడగలేదు." బైండరు భార్య అతని వంక చూసింది. అతను నెమ్మదిగా తలూపాడు. ఇల్లు నచ్చినట్టుందని సిస్టరమ్మ సంతోషపడింది.

ఈ ఆదివారం పెట్టె లాగితే ఎప్పటిలా జారి రాలేదు. అడుగున ఏదో పట్టుకున్నట్టు బరువుగా ఉంది. గట్టిగా లాగేసరికి అట్ట అడుగు అక్కడే ఉండిపోయి, పైభాగం మాత్రం చేతికొచ్చింది. వాషర్లు, కొవ్వొత్తులు, తాళాలు కాళ్ల మీద కుప్పగా పడ్డాయి. టార్చి తీసి నొక్కింది. వెలగలేదు సరికదా, అద్దం పక్కనుంచి నీళ్లు కారాయి.

"ఓసి నీ దుంపతెగ! ఎమర్జెన్సీ పెట్టెకే వచ్చిందా ఎమర్జెన్సీ!"

బిస్కెట్ డబ్బా తుప్పు పట్టింది గానీ లోపల ప్లాస్టిక్ కవర్లో నోట్లు పొడిగానే ఉన్నాయి. అరలోకి చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు గోడ మీద అరచెయ్యి ఆనించింది. గోడ చల్లగా, చెమ్మగా తగిలింది. చెయ్యి పైకి జరిపింది. అందినంత మేరా తడే.

మధ్యాహ్నానికి ప్లంబరొచ్చాడు. అతన్ని వీధంతా పానా అంటారు. భోజనానికి కూర్చున్నా పానా పక్కన పెట్టుకునే మనిషి. పైనా కిందా కుళాయిలన్నీ కట్టించి, వీధిలో నీళ్ల మీటరు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అన్నీ కట్టేసినా ముల్లు తిరుగుతోందమ్మా. పైపు ఎక్కడో గోడలో కారుతోంది. పైన్నుంచే అనుకుంటా."

"పైన ఏమీ లేదు. మొన్న ఒకటో తారీఖున చూసొచ్చాను. గోడ అద్దంలా ఉంది."

"పాత ఇంట్లో గోడ అద్దంలా ఉంటేనే నాకు అనుమానం," అన్నాడు పానా. "పదండి, చూద్దాం."

"ఇప్పుడెలా? చెప్పకుండా వెళ్లకూడదు."

అది సిస్టరమ్మ పెట్టుకున్న నియమం. తను అద్దెకున్న రోజుల్లో ఒక ఓనరమ్మ తలుపు తోసుకొచ్చి వంటింట్లో గిన్నెల మూతలు తీసి చూసేది. తనకే ఇల్లంటూ ఉంటే ముందురోజు చెప్పకుండా ఎవరి గడపా తొక్కనని అప్పుడే అనుకుంది. ఆ మాట ఇప్పటిదాకా తప్పలేదు.

"నీళ్లకి రేపూ ఎల్లుండీ తెలుస్తాయా అమ్మా?" అని గొణుక్కుంటూ వెళ్లాడు పానా.

మెట్ల దగ్గర నిలబడి పైకి కేకేసింది. "అమ్మాయ్, రేపు పొద్దున ఒకసారి పైకొస్తాం. పైపు చూడాలిట."

కాస్త ఆగి జవాబొచ్చింది. "అలాగే అమ్మగారూ."

సాయంత్రం పైనుంచి చప్పుళ్లు వినిపించాయి. ఏదో గీకుతున్నట్టు, స్టూలు జరుపుతున్నట్టు. ఉడుకుతున్న మైదాజిగురు వాసన మెట్ల మీదుగా కిందికి దిగింది. జిగురుకు పురుగు పట్టకుండా బైండర్లు మైలుతుత్తం కలుపుతారు. ఆ ఘాటు కూడా తెలిసింది. ఆదివారం కూడా పనేనా పాపం అనుకుంది సిస్టరమ్మ. కడుపుతో ఉన్న పిల్లకి ఈ వాసనలు మంచివి కావు, రేపు చెప్పాలి అని కూడా అనుకుంది.

*

మర్నాడు పానాతో పైకెళ్లింది. గదిలో ఒకవైపు కత్తిరించిన అట్టలు, ఒకవైపు కుట్టడానికి మడిచిపెట్టిన కాగితాలు, మధ్యలో చెక్క ప్రెస్సు. పుస్తకాలు కుట్టేది భార్య, అట్టలు వేసేది భర్త. ఆ పిల్లకి ఏడో నెల. చిన్నపీట మీద కూర్చుని సూదితో దారం లాగుతున్నదల్లా లేవబోయింది.

"కూర్చో కూర్చో. ఆ పాదాలేమిటి అలా ఉబ్బాయి? కాళ్లు ఎత్తులో పెట్టుకోమన్నానా లేదా?"

"పెట్టుకుంటున్నానండీ," అంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

వంటింటి గోడ నిజంగానే అద్దంలా ఉంది. పానా చెక్కపిడితో కొట్టుకుంటూ వెళ్లాడు. టక్, టక్, టక్. స్విచ్‌బోర్డు దగ్గరికి రాగానే ధబ్ మంది. అతను సిస్టరమ్మ వంక చూశాడు. ఆవిడ వచ్చి అరచెయ్యి ఆనించింది. సున్నం వేసిన గోడ ఆవిడకి తెలుసు. ఇది గోడలా లేదు, గుడ్డలా ఉంది. గోరుతో అంచు వెతికింది. ఎంతసేపు తడిమినా అంచు దొరకలేదు. చివరికి మూల దగ్గర తెల్లటి పొర కొంచెం లేచింది.

"అమ్మగారూ..." అన్నాడు బైండరు. మోచేతి దగ్గర నిన్నటి జిగురు ఇంకా ఎండి ఉంది.

పుండు మీద పట్టీ తీసినట్టు నెమ్మదిగా లాగింది. పుస్తకాల వీపుకి వేసే గుడ్డ. దాని మీద పల్చగా సున్నం. మనిషంత ఎత్తున, ఒక్క ముడత లేకుండా, ఒక్క బుడగ లేకుండా అతికించాడు. కట్లు కట్టడంలో ఆసుపత్రి మొత్తానికి తనదే పైచెయ్యి అనుకునేది సిస్టరమ్మ. ఇలాంటి కట్టు జన్మలో చూడలేదు. కోపం రావలసిన చోట ముందు మెచ్చుకోలు వచ్చింది, ఆ తర్వాతే కోపం.

గుడ్డ కింద సిమెంటు నల్లబడి, వేలు పెడితే మెత్తగా రాలింది. లోపల ఇటుక నుంచి నీళ్లు ఊరుతున్నాయి.

అప్పుడు చూసింది, స్విచ్‌బోర్డు కింద నేల మీద ఒక చెక్కముక్క.

"ఇదెందుకు ఇక్కడ?"

"దాని మీద నిలబడి వేస్తే కొట్టదండీ," అంది భార్య.

"ఏది కొట్టదు?"

"షాకు. పెద్దగా కాదులెండి, చీమ కుట్టినట్టు. చెప్పులేసుకున్నా కొట్టదు."

సిస్టరమ్మ ఆ పిల్ల పొట్ట వంక చూసింది. గబగబా మెట్లు దిగి మెయిన్ స్విచ్ తనే ఆపేసింది. మళ్లీ పైకొచ్చేసరికి ఆయాసం, కోపం ఒక్కసారే వచ్చాయి.

"నోళ్లు లేవా మీకు? కింద మనిషినున్నది దేనికి? దిష్టిబొమ్మననుకున్నారా? ఏదైనా జరిగితే... ఆ పిల్లకి ఏదైనా అయితే నేనెలా బతకాలి?"

బైండరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇంతకుముందున్న ఇంట్లో బాత్రూం తలుపు ఊడిందని చెప్పాం అమ్మగారూ. నచ్చకపోతే ఖాళీ చెయ్యమన్నాడు. దానికి ముందు ఇంట్లో కప్పు కారుతోందన్నాం. బాగు చేయించి అద్దె పెంచేశాడు. ఈసారి ఏమొచ్చినా నోరెత్తకూడదని అనుకునే వచ్చాం. మీరు కూడా మొదటిరోజే చెప్పారు కదా."

"నేనేం చెప్పాను?"

"మాస్టారు ఒక్కసారి కూడా మీ తలుపు కొట్టలేదని. మేమూ అలాగే ఉండాలనుకున్నాం. మీరేమో ముందురోజు చెప్పి వచ్చేవారు. ఆ సాయంత్రం అతికిస్తే పొద్దుటికి ఆరిపోయేది."

సిస్టరమ్మ గోడకి చేరబడబోయి, తడి గోడని గుర్తొచ్చి ఆగింది. తను మర్యాద అనుకున్నది వీళ్లకి జిగురు ఆరే గడువయింది. తను ఇంటి గొప్ప చెప్పుకుంటే, వీళ్లు దాన్ని షరతుగా మోశారు.

"మీరు మంచివారే అమ్మగారూ," అంది భార్య, ఆవిడ నొచ్చుకుందేమోనని. "కానీ ఓనరు కదా."

వెనక నుంచి పానా పిలిచాడు. "అమ్మా, ఇక్కడ ఇంకోటుంది."

గుడ్డకు పక్కన పాత సున్నం పెచ్చు లేపితే, దాని కింద కాగితాలు. ఒకదాని మీద ఒకటి అతికించిన పరీక్ష కాగితాలు. తడికి సిరా అలుక్కుపోయినా ఎర్ర గీతలు మాత్రం తెలుస్తున్నాయి. ట్యూషన్ మాస్టారి చేతిరాత.

"మాస్టారు కూడానా!"

"పదికి మూడు," చదివాడు పానా. "ఎవరికి వేశారో పాపం."

ఆ మూడు మార్కులూ తనకే వేసినట్టు అనిపించింది సిస్టరమ్మకి. వెళ్లేరోజు మాస్టారు మీలాంటి ఓనరు దొరకరండీ అని దణ్ణం పెట్టి మరీ వెళ్లారు. ఆయన ఏ స్విచ్చు దగ్గర ఎలా నిలబడ్డారో ఎవరికి తెలుసు?

*

సాయంత్రం తమ్ముడొచ్చాడు. పానా చెప్పిందంతా మెట్ల మీద కూర్చుని విన్నాడు. పైనుంచి కిందిదాకా గోడ కొట్టాలి, పైపు మొత్తం మార్చాలి, వైరింగు తీసి వేరే గోడకి వెయ్యాలి, మళ్లీ ప్లాస్టరింగు, ఆ మీద టైల్స్.

"నీ డబ్బా ఊడ్చి ఇచ్చినా చాలదక్కా."

"ఎంతవరకొస్తే అంత."

"నా మాట విను. దాచింది వాళ్లు. తప్పు వాళ్లది. మొదట్లోనే చెప్పుంటే టేపు ముక్కతో పోయేదిగా? ఖాళీ చేయించు. నిదానంగా బాగు చేయించి కొత్తవాళ్లకి ఎక్కువకి ఇస్తే పోయింది తిరిగొస్తుంది. బిడ్డ పుట్టిందంటే ఇక కదల్చలేవు. చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి."

తమ్ముడి మాట తప్పని సిస్టరమ్మకి అనిపించలేదు. అదే ఆవిడకి బాధగా ఉంది. పింఛను తన తిండికీ మందులకీ బొటాబొటిగా సరిపోతుంది. మిగతాదంతా పై వాటాయే. ఇల్లు కూలితే తను కూలినట్టే. భయం వేసింది. భయం వేస్తే మనిషి ముందు ఎదుటివాడి తప్పే లెక్కపెడతాడు. తనూ అదే పని చేసింది. ఎంత లెక్కపెట్టినా ఆ చెక్కముక్క దగ్గరికొచ్చి ఆగిపోయేది.

"ఆలోచిస్తాలే," అంది.

"ఆలోచించేదేముంది? చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకానివి కాదుగా నువ్వు," అని తమ్ముడు చెప్పులేసుకున్నాడు. మెట్ల మీద మాట్లాడితే పైకి వినిపిస్తుందని ఇద్దరికీ తట్టలేదు.

పొద్దున్నే పైన బరువులు ఈడుస్తున్న చప్పుడు. సిస్టరమ్మ మెట్ల దగ్గరికి వెళ్లి పిలవబోయి మానుకుంది. కేక వెయ్యలేదు, దగ్గలేదు. మొట్టమొదటిసారి చెప్పాపెట్టకుండా మెట్లెక్కింది.

బైండరు పుస్తకాలకి తాళ్లు బిగిస్తున్నాడు. ప్రెస్సు విప్పేశాడు. భార్య గోడవారగా కూర్చుని బకెట్లో గుడ్డలు సర్దుతోంది. అరచెయ్యంత చొక్కాలు, పాత మెత్తటి గుడ్డతో చేతికుట్టు వేసినవి. ఒక్కొక్కటీ మడిచి, దులిపి, మళ్లీ మడుస్తోంది.

"ఎక్కడికి?" అంది సిస్టరమ్మ.

"చూసుకుంటాం అమ్మగారూ," అన్నాడు బైండరు. "మీ చేత చెప్పించుకోవడం ఎందుకని. గోడ ఖర్చులో మా వంతు కూడా..."

"నిన్ను అడగలేదు." వచ్చి ఆ పిల్ల పక్కన నేల మీద కూలబడి మణికట్టు అందుకుంది. వేళ్ల కింద నాడి పరుగెత్తుతోంది. రాత్రి ఈ పిల్ల కంటిమీద కునుకు లేదని తెలుస్తూనే ఉంది. అటు చూస్తే గుడ్డ లాగేసిన గోడ నల్లగా నోరు తెరుచుకుని ఉంది. ఆసుపత్రిలో ఎంతమందిని చూడలేదు! సూదికి భయపడి నొప్పి లేదని చెప్పి, చివరికి స్పృహ తప్పి స్ట్రెచరు మీద వచ్చినవాళ్లని. వాళ్లలో ఒక్కరినైనా మంచం ఖాళీ చెయ్యమందా తను?

"దించు ఆ మూటలు," అంది.

"అమ్మగారూ..."

"గోడ కొట్టినన్నాళ్లూ ఈ దుమ్ములో ఈ పిల్ల ఉండటానికి వీల్లేదు. కింద నా ముందుగది ఖాళీ. ప్రెస్సు కూడా దించుకో. మైలుతుత్తం మాత్రం నా ఇంట్లోకి రానివ్వను, ముందే చెప్తున్నా."

"డబ్బా చాలదని మీ తమ్ముడుగారు అంటుంటే..."

"విన్నారూ? మంచి చెవులే. ఆ చెవులకి తోడు నోరు కూడా ఉంటే బాగుండును. చాలకపోతే టైల్స్ తర్వాత వేయిద్దాం. గోడకి బట్టల్లేవని గోడ సిగ్గుపడదు. అద్దె పెంచను. మీరు ఇవ్వడం మానొద్దు కూడా. డబ్బా మళ్లీ నిండాల్సింది దాంతోనే." ఆ పిల్ల మణికట్టు వదిలింది. "ఆరోజు నేనన్న మాట పొరపాటు. వెనక్కి తీసుకుంటున్నా. ఏ చిన్నదైనా సరే, తలుపు కొట్టండి."

బైండరు భార్య అతని వంక చూసింది. అతను నెమ్మదిగా తలూపాడు.

అదే చూపు, అదే తలూపుడు. ఈసారి సిస్టరమ్మ గుర్తుపట్టింది. సరేనన్నారే గానీ నమ్మలేదు. నమ్మకం చెబితే వచ్చేది కాదని ఆవిడకి తెలుసు.

*

ఆ తర్వాత ఇల్లంతా దుమ్మే. పానా గోడ చీల్చి పాత పైపు బయటికి లాగాడు. చేత్తో వంచితే బిస్కెట్‌లా విరిగింది. బైండరు తన పని ముగించుకుని రాళ్లూ రప్పా బుట్టలతో దించేవాడు. తమ్ముడు రెండు రోజులు అలిగాడు. మూడోరోజు తెలిసినవాళ్ల దగ్గర సిమెంటు బస్తాలు అరువు తెచ్చి, "నీకోసం కాదు, ఇంటికోసం," అంటూ తనే ఇసక జల్లించడానికి కూర్చున్నాడు. దుమ్ము పట్టి మీసాలూ కనుబొమలూ ఒకే రంగయ్యాయి.

ముందుగదిలో కాళ్లు దిండు మీద పెట్టుకుని ఆ పిల్ల పుస్తకాలు కుట్టేది. ఊరికే కూర్చోలేక సిస్టరమ్మ కాగితాలు మడవడం నేర్చుకుంది. అంచులు కలిసేవి కావు.

"ఇలా కాదండీ, గోరుతో కాదు, ఎముకతో రుద్దాలి," అని ఆ పిల్ల నున్నటి ఎముకముక్క ఇచ్చేది.

"ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కూడా నన్నిన్ని మాటలనలేదే," అనేది సిస్టరమ్మ. ఆ పిల్ల నవ్వేది. నవ్వినప్పుడు ఓనరూ అద్దెవాళ్లూ అన్న సంగతి ఇద్దరికీ కాసేపు గుర్తుండేది కాదు. పానా కూలీ అడగడానికి వస్తే మాత్రం ఆ పిల్ల తల వంచుకుని కుట్టు మీద కళ్లు పెట్టేది.

స్విచ్‌బోర్డు పొడిగా ఉన్న ఎదుటి గోడకి మారింది. సిమెంటు ఆరింది. టైల్స్ లేవు. బైండరు ఆ బూడిదరంగు గోడ వంక చూసి, "అమ్మగారూ, పల్చగా గుడ్డేదైనా..." అనబోయాడు.

"గోడ మీద చెయ్యి వేశావంటే వేళ్లు విరుస్తా," అంది సిస్టరమ్మ. పానా పడీ పడీ నవ్వాడు.

డబ్బా అడుగు కనిపించింది. సిస్టరమ్మ తుప్పు గీకి, ఎండబెట్టి, కొత్త ప్లాస్టిక్ పెట్టెలో పాత మూలనే పెట్టింది. తమ్ముడు మూత తీసి చూశాడు. "గాలి తప్ప ఏముందక్కా ఇందులో?"

"పిలిస్తే పలికింది కదరా. ఇంకేం కావాలి?"

వాళ్లు పైకి వెళ్లిపోయారు. ఇల్లు మళ్లీ నిశ్శబ్దమైంది. ఒకప్పుడు ఆవిడ గర్వపడిన నిశ్శబ్దమే. ఇప్పుడు అది వింటేనే అనుమానం. గిన్నెలు తోముతూ చెయ్యి ఆపి పైకి చెవి ఒగ్గేది. గీకుతున్న చప్పుడేమైనా ఉందా? జిగురు వాసనొస్తే, అది పనికి ఉడికించిందా, గోడకా? వెళ్లి చూద్దామని మెట్టు మీద కాలు పెట్టి, మళ్లీ తీసేసేది. తను వెళ్లి పట్టుకోవడం వేరు, వాళ్లు వచ్చి చెప్పడం వేరు.

ఒక మధ్యాహ్నం బట్టలు ఉతుకుతుంటే తలుపు మీద చప్పుడయింది. కొట్టారో గాలికి కదిలిందో తెలియనంత మెల్లగా. సిస్టరమ్మ తడిచేతులతోనే పరుగెత్తింది.

బైండరు భార్య. నిండు పొట్ట మీద ఒక చెయ్యి, గోడ మీద ఒక చెయ్యి. ముఖమంతా చెమట.

"నొప్పులా?"

"కాదండీ."

"మరి? ఉమ్మనీరు ఏమైనా..."

"కాదండీ, నేను బాగానే ఉన్నాను." నేల చూపులు చూసింది. రెండుసార్లు మొదలుపెట్టి ఆగింది. "వంటింట్లో కుళాయి... సరిగ్గా కట్టుకోవడం లేదు. బొట్టు బొట్టుగా పడుతోంది. పెద్దగా కాదులెండి. ఆయన దారం చుడతానన్నారు. నేనే వద్దన్నాను."

ఆ ఇంట్లో ఇన్నేళ్లకి ఆవిడ తలుపు దగ్గరికొచ్చిన మొదటి ఫిర్యాదు అది. కళ్లు తుడుచుకుందామంటే చేతులు సబ్బు నురగ.

"ఉండు," అని మెట్ల కింద దూరింది. పెట్టె ఈసారి జారి వచ్చింది. వాషర్లు ఎక్కడ పెట్టిందో చీకట్లో కూడా చెప్పగలదు. అయినా వెతుక్కోవలసి వచ్చింది.

ఆ పిల్లని ముందు నడవమని, తను వెనకాల ఒక చెయ్యి ఆ నడుముకి దగ్గరగా పట్టి, మెట్టుకో క్షణం ఆగుతూ ఎక్కింది. సగం మెట్ల మీద ఇక ఉండబట్టలేక, భయపడుతూనే అడిగింది.

"ఎన్నాళ్లుగా కారుతోందే?"

"ఇవాళ పొద్దున్నుంచేనండీ."